సంచికి సభ్యత్వం లేదు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంది, కాదనను. అయితే ఈ సంగతిలో వచ్చిన కోపానికి నా స్వభావంతో పనిలేదు, ఎంత శాంతమూర్తికైనా వచ్చి తీరేదే. ఇంతకాలమైనా చల్లారలేదు కనక రాసి పెడుతున్నాను.

మాది బిలాస్‌పూర్. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి లోకో షెడ్డులో ఖలాసీగా చేరాడు. నాన్న గార్డుగా చేశాడు. నేను రైల్వే క్వార్టర్లో పుట్టి పెరిగి, పెళ్ళయ్యాక నడిస్తే పావుగంట దూరంలో ఉన్న తార్‌బహార్‌కి కాపురానికొచ్చాను. ఒక స్కూల్లో లైబ్రరీ చూసుకుంటూ రిటైరయ్యాక, మా తెలుగు సంఘం వారి గ్రంథాలయం చూసుకుంటానని నేనే వెళ్ళి అడిగాను. జీతం లేని పని కదా, ఎవరూ అడ్డు చెప్పలేదు.

తొమ్మిది బీరువాల తెలుగు పుస్తకాలు అక్కడ. మా తాతల తరంవాళ్ళు ఊరెళ్ళి వచ్చినప్పుడల్లా ట్రంకు పెట్టెల్లో తెచ్చినవి కొన్ని. రిటైరై స్వస్థలాలకి పోతూ సామాను బరువని ఇచ్చేసి వెళ్ళినవి కొన్ని. చాలావాటికి అట్టలు మూడో నాలుగోసారి వేసినవి. అక్కడికొచ్చి బల్ల దగ్గర కూర్చుని చదివేవాళ్ళు మొదటినుంచీ తక్కువే. మా దగ్గర పుస్తకమే చదివేవాళ్ళ ఇంటికి వెళ్తుంది. దానికో పద్ధతి ఉంది, అది చెప్పాలి.

రైల్వేలో మగాడు రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటాడు. అతను లేచేదాకా ఇంట్లో రేడియో పెట్టకూడదు, రోట్లో పచ్చడి నూరకూడదు, పక్కింటావిడతో గుమ్మంలో నిలబడి మాట్లాడకూడదు, పిల్లల్ని గట్టిగా అరవనివ్వకూడదు. తాళం వేసి బయటికి పోవడానికీ వీల్లేదు, డ్యూటీకి రమ్మని పిలిచే కాల్‌బాయ్ ఎప్పుడొచ్చి తలుపు కొడతాడో తెలియదు. అలాంటి ఇంట్లో చప్పుడు కాకుండా చెయ్యగల పని ఒక్కటే, చదువుకోవడం. మా అమ్మ పెరటి గుమ్మం దగ్గర, వెలుతురు పడేచోట చాప వేసుక్కూర్చుని అలాగే చదివేది. పేజీ తిప్పేటప్పుడు కూడా నాన్న గదివైపు చూసేది.

అలాంటి ఆడవాళ్ళ కోసం పుట్టింది సంచి. పాత ఖాకీ యూనిఫారం గుడ్డతో కుట్టిన సంచిలో పది పుస్తకాలు వేసి, క్వార్టర్ల లైనుకి ఒకటి చొప్పున పంపేవారు. ఓ ఇంట్లో మూడు రోజులుంచుకుని, పక్కింటి గుమ్మానికి తగిలించాలి. లైనంతా తిరిగి సంచి గ్రంథాలయానికొస్తే ఆ పది తీసుకుని ఇంకో పది వేసి పంపుతాం. రిజిస్టర్లో 'మూడో లైను సంచి' అని రాసి ఎదురుగా పుస్తకాల నంబర్లు వేస్తాం. మనిషి పేరు ఎక్కడా రాయం. తర్వాత్తర్వాత చాలామంది ఊళ్ళోనే తోర్వా పేటలో సొంత ఇళ్ళు కట్టుకుని వెళ్ళిపోతే, సంచులూ వాళ్ళ వెనకే వెళ్ళాయి. నా హయాంలో ఆరు సంచులు తిరుగుతుండేవి.

ఇంతలో ఎవరో దాతలు సంఘానికి కంప్యూటర్లిచ్చారు. వాటితోపాటు గ్రంథాలయాల కోసం తయారైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టించారు. ఆ సాఫ్ట్‌వేర్‌ని నేనెప్పుడూ నిందించను. ప్రపంచంలో ఎక్కడెక్కడి లైబ్రేరియన్లూ కలిసి చేసుకున్నది. దాని లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, ఊరికే వాడుకోవచ్చు. వీధి కుళాయి లాంటిదన్నమాట, ఎవరి బిందె వాళ్ళు పట్టుకోవచ్చు. కాకపోతే దాన్ని బిగించి, నడిపి, బాగోగులు చూడ్డానికి ఓ కంపెనీని కుదిర్చారు. ఆ కంపెనీ కుళాయి పక్కనే కుర్చీ వేసుక్కూర్చుంది.

పుస్తకాల పేర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. తెలుగులో టైపు చెయ్యడం ఆ వయసులో నేర్చుకున్నాను. రెండు ఎండాకాలాలు పట్టింది. మా పిల్లలు, వాళ్ళ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాలు కూడబలుక్కుంటారు కనక సాయం చేసేవాళ్ళెవరూ లేరు.

కంపెనీ నుంచి నేర్పడానికి వచ్చినాయన టై కట్టుకున్న పెద్దమనిషి. రెండు రోజులు మర్యాదగానే నేర్పాడు. పుస్తకం ఇవ్వాలంటే ముందు మెంబరు నంబరు కొట్టాలన్నాడు. నేను సంచి సంగతి చెప్పాను. ఆయన నవ్వాడు.

"బ్యాగ్ మెంబర్ కైసే హోగా, మేడమ్?" అన్నాడు. సంచి ఎలా మెంబరవుతుందని.

"మా దగ్గర అయింది కదా ఇన్నేళ్ళూ" అన్నాను.

సిస్టమ్‌లో కుదరదన్నాడు. అయితే ఓ పని చెయ్యండి, ఈ తెలుగు పుస్తకాలన్నిటికీ 'ఇవ్వడానికి కాదు' అన్న గడిలో టిక్కు పెట్టెయ్యండి, అప్పుడు సిస్టమ్ మిమ్మల్ని ఏమీ అడగదు, మీ సంచులు మీరు రిజిస్టర్లో రాసుకోండి అన్నాడు. సబబుగానే తోచింది. తొమ్మిది బీరువాలకీ, ఒక్కో పుస్తకానికీ, ఈ వేలితోనే టిక్కు పెట్టాను. ఈ కథలో తప్పంటూ నాది ఉంటే అదే. అది తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఏడాది తిరిగేసరికి కంపెనీ ఓ నివేదిక పంపింది. రంగురంగుల బొమ్మలతో, మెరిసే కాగితం మీద. అందులో తెలుగు విభాగం ఎదురుగా, ఏడాది మొత్తంలో పాఠకులకు ఇచ్చిన పుస్తకాలు సున్నా అని ఉంది. కింద ఓ సలహా కూడా రాశారు. వాడకంలో లేని పుస్తకాలు తొలగిస్తే చోటు కలిసొస్తుందట. ఆ టిక్కులు పెట్టమన్నదీ వాళ్ళే, సున్నా అని లెక్క తేల్చిందీ వాళ్ళే, తీసి పారెయ్యమన్నదీ వాళ్ళే. బీరువాలు ఎలా ఉంటాయో కూడా చూడకుండా ఆ సలహా ఇచ్చినవాడెవడో నాకీ రోజుకీ తెలీదు.

కమిటీ మీటింగు పెట్టారు. మా సెక్రటరీ రైల్వే ఆఫీసులో సూపరింటెండెంటు. నాకన్నా చిన్నవాడు, నన్ను అప్పా అని పిలుస్తాడు. మావైపు అక్కని అలాగే అంటారు. చెడ్డవాడు కాదు. పిల్లలు బ్యాంకు పరీక్షలకీ రైల్వే పరీక్షలకీ చదువుకోడానికి చోటు లేదని అతని బాధ. అదీ నిజమే, కాదనడానికి నేనెవర్ని?

"సిస్టమ్‌లో జీరో ఉంది కదప్పా, మరేటి సెయ్యమంటావు?" అన్నాడు.

నేను రిజిస్టర్ తీసి బల్ల మీద పడేశాను. "ఇదిగో, సూడు. ప్రతినెలా ఆరు సంచులు తిరిగినాయి."

"సేత్తో రాసింది ఎవులు నమ్ముతారప్పా? దీన్లో మనిషి పేరు ఒక్కటీ రాయవు కదా."

పక్కనున్న కుర్ర మెంబరు ఒకతను రిజిస్టర్ అటూ ఇటూ తిప్పి, "అచ్ఛా ఆంటీ, యే సబ్ తెలుగు మే హై" అన్నాడు. తెలుగులో ఉండడమే దాని నేరమైనట్టు పక్కన పెట్టేశాడు. తెలుగు సంఘం మీటింగది. నాకు నోట మాట రాలేదు. తర్వాత వచ్చింది, అందరికీ సరిపడా వచ్చింది. చివరికి నెలాఖరుదాకా గడువిచ్చారు. ఈలోగా సంచుల లెక్క సిస్టమ్‌లో కనపడితే పుస్తకాలుంటాయి, లేకపోతే బీరువాలు ఖాళీ.

కంపెనీకి రాశాను. వాళ్ళకి మనం ఏం చెప్పుకున్నా దానికో నంబరేసి టికెట్ అంటారు. రైల్వే ఊళ్ళో పుట్టినదాన్ని, టికెట్ చేతికొస్తే ఎక్కడికో ఓ చోటికి చేరతామనుకున్నాను. మొదటి టికెట్‌కి మర్నాడే జవాబొచ్చింది. మీరడిగిన సౌకర్యం ఈ సాఫ్ట్‌వేర్‌లో లేదు, టికెట్ మూసివేయడమైనది. మళ్ళీ వివరంగా రాశాను. ఇది పాత ఫిర్యాదే కనక మూసివేయడమైనది. మూడోసారి మా అమ్మ చదివిన సంగతితో సహా రాశాను. ఇది మన ఒప్పందంలో లేదు కనక మూసివేయడమైనది. ఫోన్ చేస్తే పాట వినిపించేవారు. ఆ పాట నాకిప్పుడు కంఠతా వచ్చు.

గడువుకి వారం ఉందనగా, సాఫ్ట్‌వేర్ తెర అడుగున సన్నటి అక్షరాలతో ఓ లింకు కనపడింది. దీన్ని వాడే లైబ్రేరియన్లు ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కునే చోటది. ఎవరికీ ఫీజులేదు, ఎవరూ ఎవరికీ యజమాని కాదు. నాకొచ్చిన ఇంగ్లీషులో సంచి సంగతంతా రాశాను. తెల్లారి చూస్తే జవాబుంది. ఏదో సముద్రంలో, ఏదో దీవిలో లైబ్రరీ చూసుకునే ఆవిడ రాసింది. వాళ్ళ దగ్గర పడవ మీద పుస్తకాల పెట్టె ఒకటి పల్లె పల్లెకీ తిరుగుతుందట. పెట్టెనే మెంబరుగా రాసుకుంటారట. మెంబర్ల రకాల్లో మనిషితోపాటు సంస్థ, బృందం కూడా పెట్టుకోవచ్చు, ఇది ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే అంటూ, ఎక్కడ నొక్కాలో బొమ్మలు తీసి బాణం గుర్తులు పెట్టి పంపింది. పాత రిజిస్టర్ లెక్కలు ఎలా ఎక్కించాలో కూడా చెప్పింది. ముఖం తెలియని మనిషి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే కోపం కూడా వచ్చింది. ఉన్న సౌకర్యాన్ని లేదని మూడుసార్లు రాశారే, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి ఇది తెలీదా? తెలిసీ వెతికే ఓపిక లేకపోయిందా?

ఆవిడ చెప్పినచోటికి వెళ్ళి నొక్కాను. 'ఈ పని చేయడానికి మీకు అనుమతి లేదు' అని వచ్చింది. ఆ తాళాలన్నీ కంపెనీ దగ్గరే ఉన్నాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, అలా ఉంది మా వ్యవహారం. ఊరందరిదీ అన్న వస్తువుకి మా గ్రంథాలయంలో, నేను టైపు చేసిన పేర్ల మీద, నాకే అనుమతి లేదు.

నాకు ఆ అనుమతి ఇమ్మని నాలుగో టికెట్ వేశాను. దీవి ఆవిడ పంపిన బొమ్మలు కూడా జత చేశాను. సెక్రటరీ ఉత్తరం కావాలన్నారు. అతను అడ్డు చెప్పకుండా ఆ రోజే ఇచ్చాడు, అది ఒప్పుకోవాలి. మీ విన్నపం వరుసలో ఉంది అన్నారు. ఆ గడి తెరిచి రెండు నొక్కులు నొక్కితే అయిపోయే పని. నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. వరుస కదల్లేదు.

ఆ శనివారం మస్తూరీలో మా చెల్లెలి మనవరాలి పుట్టినరోజుకి వెళ్ళాను. ఆదివారం కూడా ఉండమంటే ఉన్నాను. సోమవారం పొద్దున్న గ్రంథాలయం తలుపు తీసేసరికి తొమ్మిది బీరువాలూ ఖాళీ. ఒకదాంట్లో అప్పుడే పరీక్షల గైడ్లు సర్దేశారు. సెక్రటరీకి ఫోన్ చేశాను.

"నువ్వుంటే జరగనిస్తావేటప్పా? అందుకే నువ్వు లేనప్పుడు సేసీసినాం" అన్నాడు.

నేనన్న మాటలు ఇక్కడ రాయను. ఎవరికి అమ్మారో కనుక్కుని, మా ఆయన స్కూటర్ మీద తోర్వాలోని కబాడీ దుకాణానికి వెళ్ళాను. పాత ఇనుము, పాత కాగితాలు కొనే చోటది. సరుకు ఆదివారమే లారీకెక్కి కాగితాల మిల్లుకి వెళ్ళిపోయిందన్నాడు దుకాణదారు. నా ముఖం చూసి స్టూలు వేసి కూర్చోబెట్టాడు. ముందే ఒక్క మాట చెప్పుంటే ఆపేవాణ్ణి కదా అమ్మా, అన్నాడు హిందీలో. అతనికున్న ఇంగితం మా కమిటీలో ఒక్కడికి లేకపోయింది.

బుధవారం కంపెనీ నుంచి మెయిలొచ్చింది. మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవలకి ఎన్ని నక్షత్రాలిస్తారు అని. చేతులు కాలాక ఆకులిచ్చి, ఆకులు ఎలా ఉన్నాయని అడుగుతున్నారు. సున్నా ఇద్దామని చూశాను. ఒకటికి తక్కువ ఇవ్వడానికి వీల్లేకుండా చేసుకున్నారు. ఆ ఒక్కటీ ఇచ్చినందుకు ఇప్పటికీ బాధే.

గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు, ఆ వారంలోనే కమిటీ నుంచి నా పేరున కాగితం వచ్చింది. పుస్తకాలు లారీకెత్తేటప్పుడు సిస్టమ్ జాబితాతో సరిచూశారట. బీరువాల్లో ఉండాల్సిన అరవై పుస్తకాలు కనపడలేదట. వాటికి సంజాయిషీ ఇవ్వాలట. ఎవరూ చదవని పుస్తకాల్ని ఎవరెత్తుకుపోయారో చెప్పమని నన్ను అడుగుతున్నారు.

ఆ అరవై ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఆరు సంచుల్లో పదేసి చొప్పున, ఇళ్ళలో ఉన్నాయి. బీరువాల్లో ఉండిపోయినవి మిల్లుకి పోయాయి. గుమ్మాలకి వేలాడుతున్నవి మిగిలాయి. ఇప్పుడు నాకు అనుమతి వచ్చింది కనక, ఆ పూటే కంప్యూటర్ ముందు కూర్చుని దీవి ఆవిడ చెప్పినట్టే ఆరు సంచుల్నీ మెంబర్లుగా చేర్చాను. పేరు దగ్గర 'మూడో లైను సంచి' అని కొట్టాను. పుట్టిన తేదీ గడి ఖాళీగా వదిలేసినా ఒప్పుకుంది. అరవై పుస్తకాలకీ ఆ పాత టిక్కులు తీసి, సంచుల పేర్న ఇచ్చినట్టు రాసి, కాగితం తీసి కమిటీకి పంపాను. సంజాయిషీ దగ్గర 'చదువుతున్నారు' అని ఒక్క మాట రాశాను. దానికి జవాబు రాలేదు.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం పూట సెక్రటరీ ఒక్కడే వచ్చాడు. కాసేపు గైడ్లు సర్దుతున్నట్టు నిలబడ్డాడు. తర్వాత బల్ల దగ్గరికొచ్చాడు.

"అప్పా, మాయమ్మ ఓ పుస్తకం అడుగుతంది."

అతని తల్లి ఎనభై దాటిన మనిషి, తోర్వాలో కొడుకు దగ్గరే ఉంటుంది. భర్త డ్రైవరుగా చేసి పోయాడు.

"ఏటి పుస్తకం?" అన్నాను.

"ఏదో నవల, రెండో బాగం. మొదటిది సంచీలో వచ్చిందంట. దాన్నే రెండుసార్లు సదివీసింది. తరవాత ఏటయిందో తెలీక నన్ను పీక్కు తింటంది."

"మీయమ్మ సదువుతాదని నీకు తెల్దా?"

"పొద్దున్న ఎల్తే రేత్రికొస్తాను, నాకేటి తెలుస్తాదప్పా? గుమ్మానికి సంచీ ఏలాడతంటే కూరల సంచీ అనుకున్నాను."

నవల పేరడిగి కొట్టాను. రెండో భాగం నంబరు వచ్చింది. తెర అతనివైపు తిప్పాను. అతను కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు గానీ, తెలుగు కదా, చదవలేకపోయాడు.

"ఏటి రాసుందప్పా?"

నేనే పైకి చదివాను. పుస్తకం పేరు, రెండో భాగం, తొలగించబడినది, సెక్రటరీ ఆమోదంతో. కింద అతని పేరు.

అతను ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. "అమ్మకేటి సెప్పమంటావు?" అన్నాడు.

"సంతకం నీదే కదా నాయనా, నువ్వే సెప్పు" అన్నాను.

కఠినంగా మాట్లాడానని మా ఆయన అన్నాడు. అననీ. ఆ తర్వాత ఆ రెండో భాగం కోసం విశాఖపట్నంలోనూ విజయవాడలోనూ పాత పుస్తకాల షాపులన్నీ తెలిసినవాళ్ళచేత వెతికించాను. ఎక్కడా దొరకలేదు.

ఆ నెల తోర్వా సంచి తొమ్మిది పుస్తకాలతో తిరిగొచ్చింది. మొదటి భాగం సెక్రటరీ తల్లి తన దగ్గరే ఉంచుకుందట. రెండోది వేరే లైనులో ఎవరో చదువుతున్నారు, ఇవాళో రేపో వచ్చేస్తుందని కొడుకు చెప్పాడట. అది వచ్చాక రెండూ కలిపి పంపుతానని, అంతవరకూ ఏమీ అనుకోవద్దని నాకు కబురు పెట్టింది.